ఉత్తరగాలి తోలుకొచ్చిన చేపలు

మొదటి రోజు, బుధవారం

షికాగోలో ఇంటికి తాళం వేసేటప్పటికి బయట 9 డిగ్రీలు. ఫారెన్‌హీట్ లెక్క. అమ్మకి ఫోన్లో ఎప్పుడూ ఈ లెక్కలోనే చెబుతాను. సెల్సియస్‌లో మైనస్ 13 అంటే ఆవిడ రాత్రంతా నిద్రపోదు. మధ్యాహ్నం మయామీలో దిగితే 79. విమానాశ్రయం బయట నిలబడి స్వెటర్ విప్పుకుంటూ ఉండగా, అట్లాంటా నుంచి అప్పటికే దిగిన మా తమ్ముడు రెండు పొడుగాటి గొట్టాలు భుజాన వేసుకుని ఎదురొచ్చాడు. లోపల గాలం కర్రలట.

"పడవలో అన్నీ వాళ్ళే ఇస్తార్రా."

"ఇస్తారక్కా. అయినా మనవి మనకుండాలి."

ఐదు రోజుల్లో ఒక్కసారి కూడా ఆ గొట్టాల మూత తియ్యలేదని ఇక్కడే చెప్పేస్తున్నాను.

ప్రయాణం ఆలోచన వాడిదే. చలికాలంలో ఫ్లోరిడా కీస్ దీవులకి వెళ్ళి, పడవ మాట్లాడుకుని, వీపు మీద తెరచాపలాంటి రెక్క ఉండే సెయిల్‌ఫిష్ పట్టాలని మూడేళ్ళుగా నస పెడుతున్నాడు. నాకు కావలసింది ఎండ. మావారికి కావలసింది ఆఫీసు ఫోను మోగని చోటు. ముగ్గురం మూడు కారణాలతో ఒకే కారెక్కాం.

ఫ్లోరిడా సిటీ దాటాక యూఎస్ 1 రోడ్డు 18 మైళ్ళు చిత్తడి నేల మీదుగా పోతుంది. మధ్యనున్న అడ్డుగోడకి సముద్రం రంగు పూశారు. అసలు సముద్రం కనబడేదాకా దీంతో సరిపెట్టుకోమన్నట్టు. కీ లార్గో నుంచి చిరునామాలన్నీ మైలురాళ్ళే. చివరనున్న కీ వెస్ట్ సున్నా, అక్కణ్ణుంచి లెక్క ఇటు పెరుగుతూ వస్తుంది. "ఓషన్‌సైడ్" అంటే రోడ్డుకి అట్లాంటిక్ వైపు, "బేసైడ్" అంటే ఫ్లోరిడా బే వైపు. కొన్నిచోట్ల ఆ రెంటి మధ్యా నేల రెండు వీధులంత కూడా ఉండదు. మేం దిగిన ఊరు ఇస్లమొరాడా. రాసేది అలా, పలికేది ఐలమొరాడా. స్పానిష్‌లో ఊదారంగు దీవి అని అర్థం. నాకు ఊదారంగు ఎక్కడా కనబడలేదు గానీ, ప్రపంచంలో స్పోర్ట్‌ఫిషింగ్‌కి రాజధాని మాదేనని ఊరివాళ్ళు చెప్పుకోవడం మాత్రం అడుగడుగునా కనబడింది.

రాత్రి కెప్టెన్ ఫోన్ చేశాడు. "రేపు బాగుంటుంది. ఎల్లుండి ఫ్రంట్ వస్తోంది, వెళ్ళం. శనివారం సంగతి అప్పుడు చూద్దాం."

ఫ్రంట్ అంటే ఉత్తరాన్నుంచి దిగే చలిగాలి. మేం విమానమెక్కి తప్పించుకొచ్చిన చలే, రెండు రోజులు ఆలస్యంగా మా వెనకాల వస్తోందన్నమాట. నాకు ఏడుపొచ్చింది. తమ్ముడు మాత్రం గంతులేశాడు. ఎందుకో అప్పుడు అర్థం కాలేదు.

రెండో రోజు, గురువారం

పొద్దున్న ఏడున్నరకి రేవు. పడవ పొడవు 36 అడుగులు. పైన నిచ్చెనెక్కితే కెప్టెన్ నిలబడే చోటు, అచ్చం చేలో మంచెలా ఉంది. ఆయనకి అరవై దాటాయి. ముక్కు మీద తెల్లగా సన్‌స్క్రీన్, నోట్లో మాట తక్కువ. ఆయన దగ్గర పనిచేసే కుర్రాణ్ణి మేట్ అంటారు. ఎర గుచ్చడం, ముళ్ళెయ్యడం, చేప కొయ్యడం, తరవాత్తరవాత మావారికి బకెట్టు అందించడం, అన్నీ అతనే.

ఫ్లోరిడాలో సముద్రంలో గాలం వెయ్యాలంటే లైసెన్సు కావాలి. ఇలా పడవ మాట్లాడుకుని వెళ్ళేవాళ్ళకి మాత్రం పడవకున్న లైసెన్సే సరిపోతుంది. ఆరుగురికి మించి ఎక్కించుకోరు. ఇలాంటి కెప్టెన్లకి కోస్ట్‌గార్డ్ ఇచ్చే అనుమతి అంతవరకే. సగం రోజుకి మాకు 950 డాలర్లు పడింది. మేట్‌కి ఇచ్చే పదిహేను, ఇరవై శాతం టిప్పు దీనికి అదనం. అది ఇష్టమైతే ఇచ్చేది కాదు, అతని సంపాదనలో పెద్ద భాగం అదే.

నా సంచిలో అరటిపళ్ళు చూసి మేట్ మొహం మాడింది. పడవలో అరటిపండు ఉంటే చేప పడదని వీళ్ళ నమ్మకం. నవ్వుతూనే అడిగాడు గానీ, పళ్ళు మాత్రం రేవులోనే దింపించాడు. పిల్లి ఎదురొస్తే కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి బయల్దేరే ఇంట్లో పెరిగినదాన్ని, నాకు నవ్వే హక్కు లేదు. పులిహోర డబ్బా జోలికి మాత్రం ఎవరూ రాలేదు.

తీరం నుంచి నాలుగు మైళ్ళు వెళ్ళాక ఎలిగేటర్ రీఫ్ దీపస్తంభం. 1873లో ఇనప కాళ్ళ మీద నిలబెట్టారు, ఎత్తు 136 అడుగులు. ఆ పేరుకీ మొసలికీ సంబంధం లేదు, 1822లో ఇక్కడి పగడపు దిబ్బకి తగులుకున్న అమెరికా నౌకాదళం ఓడ పేరు ఎలిగేటర్. దాన్ని దాటి 70 అడుగుల లోతులో లంగరు వేశారు.

రుబ్బి గడ్డకట్టించిన చేపల దిమ్మని మేట్ వలసంచిలో వేసి పడవ వెనక వేలాడదీశాడు. దాన్ని చమ్ అంటారు. కంపు వర్ణించను. ఓట్స్ కలిపిన అదే ముద్దని మధ్యమధ్యలో గరిటెతో జల్లుతున్నాడు. కాకికి పిండం పెట్టి ఎదురుచూసినట్టు పావుగంట సేపు నీళ్ళలోకి చూస్తూ కూర్చున్నాం. తరవాత అడుగున ఎక్కడో పసుపు మెరిసింది. ఒకటి, పది, ఆపైన లెక్క లేదు. ఎల్లోటెయిల్ స్నాపర్. ఒంటికి అటూ ఇటూ పసుపు గీత, తోకంతా పసుపే. పెద్దవాటిని ఫ్లాగ్ అంటారు, నీళ్ళలో తోక జెండాలా కనబడుతుందని.

దీన్ని పట్టడం నేననుకున్నట్టు లేదు. దాని చూపు దొంగనోటు పట్టే క్యాషియర్ చూపు. చమ్ తునకలు ఏ వేగంతో కొట్టుకుపోతున్నాయో మన ఎర ముక్క కూడా అదే వేగంతో పోవాలి. దారం కాస్త బిగిసిందా, ఎర ఆగుతుంది. అది ఆగిందా, చేప మొహం తిప్పేస్తుంది. కాబట్టి దారం చుట్టి ఉండే రీల్ తెరిచి ఉంచి, దారం చేత్తో లాగి నీళ్ళలోకి వదులుతూనే ఉండాలి. వదిలి వదిలి ఇంక ఏమీ లేదనుకున్నప్పుడు, వేళ్ళ మధ్య సోమరిగా జారుతున్న దారం ఒక్కసారి పరుగందుకుంటుంది. అప్పుడు రీల్ మూసి చుట్టాలి. మొదటి మూడుసార్లూ ఆ పరుగు చూసి ఆనందించడంలోనే పుణ్యకాలం గడిచిపోయింది. నాలుగోసారి పట్టాను. అడుగుంపావు పొడవు. 12 అంగుళాలకి తక్కువైతే వదిలెయ్యాలి కాబట్టి మేట్ ప్రతి చేపనీ బల్ల మీద కొలుస్తున్నాడు.

తమ్ముడు ఇలాంటి చిన్న చేపలతో తృప్తిపడే రకం కాదు. పెద్ద కర్ర అడిగి తీసుకుని అడుగుకంటా ఎర దింపాడు. పది నిమిషాలకి కర్ర విల్లులా వంగింది. చెమటలు కక్కుతూ పైకి తెస్తే నల్ల గ్రూపర్, రెండడుగుల పైమాటే. వాడు దాన్ని చూసుకున్న చూపు వాళ్ళావిడ చూస్తే బాధపడుతుంది. కెప్టెన్ పై నుంచి ఒక్కటే మాట అన్నాడు: "జనవరి." జనవరి 1 నుంచి ఏప్రిల్ 30 దాకా ఇక్కడ గ్రూపర్లని ఉంచుకోకూడదు, గుడ్లు పెట్టే కాలం. వదిలెయ్యడం కూడా అంత తేలిక కాదు. లోతు నుంచి ఒక్కసారిగా పైకొచ్చేసరికి ఒంట్లోని గాలితిత్తి ఉబ్బి, అది తిరిగి మునగలేదు. ఊరికే నీళ్ళలోకి విసిరితే తేలుతూ పక్షులకో సొరచేపలకో ఆహారమైపోతుంది. అందుకని దాని దవడకి బరువు కట్టిన క్లిప్పు తగిలించి కిందకి దింపారు. సరిపడా లోతుకి వెళ్ళాక నీటి ఒత్తిడికి క్లిప్పు దానంతటదే తెరుచుకుంటుంది. దక్షిణ అట్లాంటిక్ తీరంలో ఈ జాతి చేపలకి వెళ్ళే పడవల్లో ఇలాంటి సాధనం ఉండి తీరాలని 2020లో నిబంధన పెట్టారు. ఉత్త క్లిప్పు పైకొచ్చాక తమ్ముడు చాలాసేపు ఎవరితోనూ మాట్లాడలేదు.

పదకొండు గంటలప్పుడు నేను చుడుతున్న చేప ఉన్నట్టుండి రాయిలా బరువెక్కింది. ఆ వెంటనే దూదిలా తేలికైపోయింది. పైకి తల మాత్రం వచ్చింది, మెడ దగ్గర కత్తితో కోసినంత నున్నగా. "టాక్స్," అన్నాడు మేట్. సొరచేపలు పన్ను వసూలు చేసుకుంటాయట. రెండో తల కూడా వచ్చాక కెప్టెన్ లంగరు ఎత్తించాడు. పన్నులవాళ్ళు ఒకసారి ఇల్లు కనుక్కున్నాక ఇంక కదలరని ఆయన అనుభవం.

పదకొండు చేపలతో రేవుకొచ్చాం. మేట్ కోస్తుంటే బల్ల చుట్టూ పెలికాన్లు కమిటీ సభ్యుల్లా నిలబడ్డాయి. సాయంత్రం అద్దె ఇంటి వంటగదిలో పులుసు పెట్టాను. చింతపండు, మెంతిపొడి, ఎండుమిర్చి నా సంచిలో ఎప్పుడూ ఉంటాయి. నిజం చెప్పాలంటే పులుసు చెడింది. ఎల్లోటెయిల్ కండ సన్నం, విస్తరాకు మీద పెట్టేలోపే పొరలు పొరలుగా విడిపోయే రకం. మిగిలిన ముక్కలకి ఉప్పూ కారం రాసి పెనం మీద వేస్తే అప్పుడు తెలిసింది దాని రుచి.

మూడో రోజు, శుక్రవారం

పొద్దున్న నైరుతి గాలి, ఉక్క. పన్నెండు గంటలకి వాయవ్యంలో నల్లటి గీత లేచింది. పావుగంట వాన కొట్టి వెలిసేసరికి గాలి ఉత్తరానికి తిరిగింది. కొబ్బరి మట్టలన్నీ జుట్టు ఒకపక్కకి దువ్వుకున్నట్టు దక్షిణం వైపు వాలిపోయాయి. సాయంత్రానికి 77 నుంచి 56కి దిగింది. షికాగోలో ఆ 56 వస్తే జనం టీషర్టులతో తిరుగుతారు. ఇక్కడ కాఫీ అమ్మే అమ్మాయి ఉన్ని టోపీ పెట్టుకుంది. బాగా చలి ముదిరితే చెట్ల మీది ఇగ్వానాలు కొయ్యబారి టపటపా కింద పడతాయి. 2020 జనవరిలో మయామీ వాతావరణ కార్యాలయం దాని మీద జాగ్రత్తలు కూడా చెప్పింది. మేం చూసినవి చెట్టు మీదే ఉన్నాయి, కదల్లేదంతే.

పడవలన్నీ కట్టేసి ఉన్నాయి. రోడ్డు పక్కనున్న తుపాను స్మారకం దాకా నడిచాం. 1935 సెప్టెంబరు 2న, లేబర్ డే నాడు, ఈ దీవుల మీదికి వచ్చిన తుపానులో వాయుపీడనం 892 మిల్లీబార్లకి పడిపోయింది. 400 మందికి పైగా పోయారు. వాళ్ళలో చాలామంది మొదటి ప్రపంచయుద్ధంలో పోరాడి, తరవాత పనుల్లేక ఇక్కడ రోడ్డు పనికి వచ్చిన మాజీ సైనికులు. గుడారాల్లో ఉండేవారు. వాళ్ళని తీసుకుపోవడానికి పంపిన రైలుని అల పట్టాల మీంచి తోసేసింది, ఇంజను ఒక్కటే నిలబడింది. 1912లో కీ వెస్ట్ దాకా వేసిన ఆ రైలుమార్గం మళ్ళీ లేవలేదు. దాని వంతెనల మీదే రోడ్డు వేసి 1938లో తెరిచారు. మేం కారులో పాటలు వింటూ వచ్చిన దారి అదే. స్మారకం రాతి మీద గాలికి వంగిన కొబ్బరిచెట్లు చెక్కారు. తల తిప్పి చూస్తే పక్కన నిజం చెట్లు కూడా అలాగే వంగి ఉన్నాయి. మావారు టోపీ తీసి చేత్తో పట్టుకున్నారు.

తిరిగి వస్తూ రేవులో ఆగితే కెప్టెన్ డెక్ మీద కూర్చుని గాలిపటాలు బాగుచేసుకుంటున్నాడు. మీరు చదివింది నిజమే, గాలిపటాలే. సంక్రాంతి వెళ్ళి ఎన్నో రోజులు కాలేదు, నాకు ప్రాణం లేచొచ్చింది. చతురస్రంగా ఉన్న గుడ్డ పటాలు, తోక లేదు. గాలి వేగాన్ని బట్టి వేరు వేరు పటాలట. వీటితో చేపలు పడతారట.

తమ్ముడు మొన్న ఎందుకు గంతులేశాడో ఆయన చెప్పాక తెలిసింది. ఈ దీవులకి కాస్త దూరంలో వెచ్చటి ప్రవాహం ఒకటి, గల్ఫ్ స్ట్రీమ్‌కి మొదలు, ఈశాన్యం వైపు పారుతూ ఉంటుంది. ఉత్తరాన నీళ్ళు చల్లబడేకొద్దీ చిన్న చేపలు దక్షిణానికి దిగుతాయి, వాటి వెనక సెయిల్‌ఫిష్. చలిగాలి గట్టిగా కొట్టిన మర్నాడు, ప్రవాహం ఇటు, గాలి అటు, మధ్యన అలలు నిటారుగా లేస్తాయి. ఆ అలల మీద జారుతూ ఇవి పైకి తేలి వస్తాయి.

"అంటే రేపు సముద్రం ఎలా ఉంటుంది?" అన్నారు మావారు.

"చేపలకి బాగుంటుంది," అన్నాడు కెప్టెన్.

నాలుగో రోజు, శనివారం

ఈశాన్యపు గాలి, 20 నాట్లు. నాట్లంటే పడవలవాళ్ళు గాలి వేగం చెప్పే లెక్క. మావారు రాత్రే వాంతుల మాత్ర వేసుకున్నారు, పొద్దున్న ఇంకోటి వేసుకున్నారు, అది చాలదని మా అత్తగారు పంపిన అల్లం మురబ్బా ముక్క బుగ్గన పెట్టుకున్నారు. ఎందుకు వస్తున్నారని అడిగితే, "పూర్తి రోజుకి 1,700 డాలర్లు కట్టాక ఇంట్లో కూర్చుంటే అక్కడా వాంతే వస్తుంది" అన్నారు.

ముందు ఎర. తీరానికి దగ్గరగా లోతు తక్కువ నీళ్ళలో మేట్ ముందు కొసన నిలబడ్డాడు. చేతిలో విసురువల. అంచుని పళ్ళతో కరిచి పట్టుకున్నాడు, సగం వల మోచేతి మీద, సగం కుడిచేతిలో. నడుము తిప్పి విసిరితే గాలిలో గుండ్రంగా పూలచక్రంలా విచ్చుకుని, అంచు మొత్తం ఒకేసారి నీళ్ళని తాకింది. నేను చిన్నప్పుడు గోదావరి కాలవలో చూసిన విసురు అదే. ఆ మెడ వంపు, ఆ పళ్ళ పట్టు కూడా అంతే. ఫ్లోరిడా కుర్రాడికి ఎవరు నేర్పారో! నాలుగు విసుర్లకి పిల్‌చర్డ్‌లు, సూదిలాంటి కింది దవడ ఉన్న బల్లిహూలు తొట్టి నిండాయి. చిన్న నీళ్ళ పంపు పెట్టి వాటిని బతికించి ఉంచుతారు.

పగడపు దిబ్బ దాటాక నీళ్ళ రంగు మారింది. ఇటు పచ్చ, అటు సిరా నీలం, మధ్యన గీత గీసినట్టు. ఆ గీత దాటి 150 అడుగుల లోతులో పటాలు ఎగరేశారు. పటం దారానికి బట్టల క్లిప్పుల్లాంటివి ఉంటాయి. గాలం దారాన్ని వాటిలోంచి తెచ్చి కిందకి దింపితే, బతికున్న చేప నీటి పైపొరలోనే తపతపా కొట్టుకుంటూ ఉంటుంది. నీళ్ళలో దారం కనబడదు, పైన మెరిసే చిన్న గుర్తు చూసి మనకి ఎర ఎక్కడుందో తెలుస్తుంది. రెండు పటాలు, ఐదు ఎరలు. అలలు ఆరడుగులవి. పడవ లేచి పడుతుంటే మేట్ ఒంటిచేత్తో పటాన్ని ఆడిస్తూ, ఎర మరీ పైకి తేలితే కాస్త దారం వదులుతూ ఉన్నాడు. ఇంత శ్రద్ధగా పతంగు ఎగరేసినవాణ్ణి నేను సంక్రాంతికి కూడా చూడలేదు.

మావారు తొమ్మిదింటికల్లా బకెట్టుతో స్నేహం కుదుర్చుకున్నారు.

పదిన్నరకి కెప్టెన్ మంచె మీంచి అరిచాడు. ఎడంపక్క ఎర వెనక నీళ్ళలో నల్లటి నీడ, దాని మీద నల్లటి గుడ్డ విసనకర్ర తెరిచినట్టు లేచింది. ఎర మాయమైంది. తమ్ముడు కర్ర అందుకుని, బలమంతా పెట్టి ఒక్క గుంజు గుంజాడు. దారం ఊరికే వెనక్కి వచ్చింది.

తప్పు వాడిది కాదు, మా తాతగారి ఊరిది. కాలవగట్టు, వెదురు గాలం, వానపాము, నెమలి ఈక బెండు. బెండు మునగడమూ చెయ్యి గుంజడమూ ఒకటే క్షణం. రెండో క్షణం దాకా ఆగితే చేప ఎర తినేసి పోతుంది, తాతగారి చేత తిట్లు పడతాయి. ఈ కొక్కెం అలాంటిది కాదు. దీని మొన లోపలికి, కాడ వైపుకి వంగి ఉంటుంది. గుంజితే నోట్లోంచి జారి వచ్చేస్తుంది. నిదానంగా చుడుతూ బిగువు పెంచితే, జారుతూ వచ్చి నోటి మూల దగ్గర తిరిగి గుచ్చుకుంటుంది. గొంతులోనో పొట్టలోనో దిగకుండా, వదిలాక చేప బతకడానికి ఈ ఏర్పాటు. అట్లాంటిక్‌లో జరిగే బిల్‌ఫిష్ (సెయిల్‌ఫిష్‌లాంటి పొడుగుముక్కు చేపల) పోటీల్లో సహజమైన ఎరకి 2008 నుంచి ఇదే తప్పనిసరి. మేట్ పొద్దున్నే రెండుసార్లు చెప్పాడు. తమ్ముడు రెండుసార్లూ తలూపాడు. చేతికి వినబడలేదు.

పన్నెండున్నరకి రెండోది. ఈసారి కర్ర నా చేతికిచ్చారు. "ఏం చెయ్యొద్దు. చుట్టండి. చుడుతూనే ఉండండి." పటం క్లిప్పులోంచి దారం టప్‌మని ఊడింది. వదులంతా చేతికొచ్చేదాకా చుట్టాను, చుట్టాను, ఏమీ తగల్లేదు. నా భుజం గుంజమంటోంది. పక్కన తమ్ముడు "వద్దక్కా, వద్దక్కా" అని జపం చేస్తున్నాడు. అప్పుడు దారం నెమ్మదిగా బరువెక్కి, బిగిసి, ఒక్కసారిగా రీల్ కీచుమంది. నూరు గజాల అవతల చేప నీళ్ళలోంచి పూర్తిగా లేచింది. తోక మీద నిలబడి తల విదిలించింది. పడింది. మళ్ళీ లేచింది. ఆరుసార్లు లెక్కపెట్టాను, తరవాత లెక్కపెట్టే తీరిక లేకపోయింది.

కెప్టెన్ పడవని వెనక్కి నడుపుతూ వచ్చాడు. అలలు వెనక నుంచి ఎగిరి నా నడుము దాకా తడిపాయి. కర్ర మొదలు తొడకి ఆనిన చోట వారం రోజులు మచ్చ ఉండిపోయింది. ఇరవై ఐదు నిమిషాలకి పక్కకి వచ్చింది. మేట్ చేతికి గ్లవ్ వేసుకుని ముక్కు పట్టుకున్నాడు. ఏడడుగులకి కాస్త తక్కువ, నలభై పౌన్లుండొచ్చన్నాడు. పైకెత్తి ఫొటో తీసుకోవడం లేదు. ఉంచుకోని చేపని నీళ్ళలోంచి తియ్యకుండానే వదలాలని చట్టం. నేనే వంగి చూశాను. కన్ను పాత రూపాయి బిళ్ళంత. ఒంటి మీద లేత నీలం చుక్కలు నిలువు వరసల్లో, ఎవరో లోపల స్విచ్చి వేసి తీస్తున్నట్టు వెలుగుతూ ఆరుతూ ఉన్నాయి. వీపు మీది తెరచాప సగం మడిచి, సగం తెరిచి, గొడుగు బట్టలా తడితడిగా. పడవ మెల్లగా ముందుకి నడుస్తుంటే మేట్ దాన్ని పక్కనే పట్టుకుని నోట్లోకి నీళ్ళు పోనిచ్చాడు. రెండు నిమిషాలకి దాని రంగు ముదిరి తిరిగి సిరా నీలానికి వచ్చింది. వేళ్ళు వదిలాడు. అది మెల్లగానే వెళ్ళింది, తొందరేం లేనట్టు.

"వైజాగ్ రేవులో దీన్ని కొమ్ముకోనం అని వేలం వేస్తారు బావా," అన్నాడు తమ్ముడు. బావ బకెట్టులోంచి తలెత్తి, "వెయ్యనీ," అన్నారు.

తరవాత ఒక గంట ఏమీ లేదు. రెండింటికి కుడిపక్క ఎర సగానికి తెగి వచ్చింది. మేట్ మొహం వెలిగింది. వెంటనే ఉక్కు తీగ కట్టిన గాలం వేశాడు. కింగ్‌ఫిష్. మన వంజరానికి అన్నదమ్ముల బిడ్డ, అదే నునుపు, అవే రంపపు పళ్ళు. తమ్ముడు ఈసారి గుంజకుండా చుట్టాడు. మూడడుగులుంది, 24 అంగుళాల హద్దు దాటింది, ఇది ఉంచుకోవచ్చు. దీంట్లో పాదరసం ఎక్కువ కాబట్టి గర్భిణులూ చిన్నపిల్లలూ తినకూడదని ఇక్కడి ప్రభుత్వం చెబుతుంది. మాలో ఆ రెండు రకాలూ లేవు.

రేవుకి తిరిగొస్తుంటే మేట్ తాడుకి చిన్న జెండా కట్టాడు. నీలం మీద సెయిల్‌ఫిష్ బొమ్మ, తలకిందులుగా. తప్పు కట్టావన్నాను. వదిలేసిన చేపకి అలాగే కడతారట.

ఆ రాత్రి కింగ్‌ఫిష్ చక్రాలతో మళ్ళీ పులుసు పెట్టాను. ముక్క చెదరలేదు. పొద్దుట్నుంచీ ఏమీ తినని మావారు మూడుసార్లు వడ్డించుకున్నారు. నేల మీద కూర్చున్నా గది ఊగుతూనే ఉందన్నారు గానీ, చెయ్యి మాత్రం కంచం నుంచి నోటికి గురి తప్పలేదు.

ఐదో రోజు, ఆదివారం

గాలి తగ్గింది, ఎండ వచ్చింది, సముద్రం పళ్ళెంలో పోసినట్టుంది. మాకు విమానం టైమైంది. "ఇవ్వాళ ఒక్క సెయిల్ కూడా పడదు చూడు," అన్నాడు తమ్ముడు, ఊరుకోబెట్టుకోవడానికి.

మిగిలిన ముక్కలు గడ్డకట్టించి చిన్న చల్లపెట్టెలో సర్దాను. సెక్యూరిటీ దగ్గర ఐస్ ప్యాకులు రాయిలా గట్టిగా ఉంటే రానిస్తారు, కరిగి నీళ్ళాడుతుంటే తీసేస్తారు. ఒక అధికారి ఒక్కో ప్యాకునీ వేలితో నొక్కి చూశాడు. నొక్కిన ప్రతిసారీ తమ్ముడు ఊపిరి బిగబట్టాడు. అన్నీ నెగ్గాయి. గొట్టాలు వాడి భుజానే ఉన్నాయి. అట్లాంటా గేటు దగ్గర విడిపోయాం.

రాత్రి తొమ్మిదింటికి షికాగో విమానాశ్రయం ఓహేర్‌లో తలుపులు తెరుచుకున్నాయి. గాలి మొహం మీద చరిచింది. ఇదివరకైతే తల దించుకుని పరిగెత్తేదాన్ని. ఈసారి మావారు టాక్సీ వెతుకుతుంటే, పెట్టె పట్టుకుని నిలబడి, జెండా కర్ర మీది గుడ్డ ఎటు కొట్టుకుంటోందో చూశాను. ఫోన్ తీశాను.

"ఒరేయ్, దిగాం. ఇక్కడ మళ్ళీ ఉత్తరగాలి లేచింది."

అవతల రెండు క్షణాలు చప్పుడు లేదు.

"ఎన్ని నాట్లక్కా?"